దొరగారికి మెడలు కావాలట

ఆ మాట మొదట ఎవరు మోసుకొచ్చారో గాని, కార్తీకం వచ్చేసరికి గోదావరి గట్టు మీద చేపలు పట్టేవాళ్ళ గుడిసెలన్నిటికీ పాకిపోయింది. రైలు వంతెన కట్టే దొరగారికి మెడలు కావాలట. పాతవైతే మరీ మంచిదట. తల చెక్కుచెదరకుండా ఉండాలట. ఆడ తల అయితే రెండింతలు ఇస్తారట.

నవ్వకండి. అప్పటికి గోదావరిలో వంతెన స్తంభాలు సగానికి లేచి ఉన్నాయి. వరద తీసి, పని మళ్ళీ అందుకునే రోజులు. ఇంత నదిని తొక్కిపట్టి దాని నెత్తి మీద పొగబండి నడిపిస్తామంటే గోదారమ్మ ఊరికే ఊరుకుంటుందా, ఏదో ఒకటి అడగదా అని పల్లెలో పెద్దవాళ్ళు ముందునుంచీ అంటూనే ఉన్నారు. ఏమడుగుతుందో వాళ్ళకి తెలిసినట్టే ఉండేది గాని, పైకి చెప్పేవారు కాదు. ఇప్పుడు దొరగారి గుమాస్తాయే స్వయంగా వచ్చి చెప్పాడు.

ఆ గుమాస్తా పేరు కామేశం. కోనసీమ నుంచి వచ్చి, నాలుగు ఇంగ్లీషు ముక్కలు నేర్చి ఉద్యోగం సంపాదించాడు. ఆ నాలుగు ముక్కలూ నలుగురి ముందూ పారేస్తే గాని ఆయనకి అన్నం సయించేది కాదు. సంత రోజున రాజమండ్రి రేవులో నిలబడి, "దొరగారు మెడలు పోగుచేస్తున్నారు. మీ ఇళ్ళల్లో ఉంటే తీసుకురండి. బొక్క పడనివి తెండి" అని కేకేసి, కండువా సర్దుకుని వెళ్ళిపోయాడు. మీ ఇళ్ళల్లో ఉంటే తెండి! ఎవరింట్లో లేవు మెడలు? ఇంటికి నాలుగో అయిదో ఉన్నాయి.

ఆ రోజు నుంచి పల్లెలో ఆడవాళ్ళు పమిటలు మెడకి రెండు చుట్లు చుట్టుకుని తిరిగారు. పాతవి కావాలన్నందుకు ముసలివాళ్ళు అరుగుల మీద కూచోడం మానేశారు. డెబ్భై ఏళ్ళ బుల్లియ్య, ఈ వయసులో తనకి ఇంత గిరాకీ వస్తుందనుకోలేదని ఏడ్చాడు.

ఈ కబురు వినేనాటికి వీరవేణికి ఎనిమిదో నెల. ఆమె మొగుడు అమ్మిరాజు వంతెన పనికి నావ మీద రాయి చేరవేసేవాడు. ఆమె పొద్దున్నే గంప నెత్తిన పెట్టుకెళ్ళి బంగళాల పెరటి గుమ్మాల్లో చేపలు అమ్మేది. అంతకు ముందు రెండుసార్లు కడుపు వచ్చింది. రెండుసార్లూ ఆరో నెల దాటకుండానే పోయింది. ఈసారి ఎనిమిదిదాకా వచ్చింది. వచ్చినందుకు సంతోషించాలన్నా భయమే. ఎవరైనా "ఎన్నో నెలే?" అంటే ఒక నెల తగ్గించి చెప్పేది. ఎవరి చెవిన పడకూడదని అలా తగ్గించేదో తెలియాలంటే ఆమె మెళ్ళో బిళ్ళ సంగతి చెప్పాలి.

వీరవేణి అమ్మిరాజుకి రెండో పెళ్ళాం. మొదటామె అచ్చాయమ్మ, పురుట్లో పోయింది, బిడ్డతో సహా. అలా పసుపు కుంకుమలతో పోయినదాని మొగుణ్ణి కట్టుకున్న పిల్ల, తాళితో పాటు సవతి బిళ్ళ కూడా మెళ్ళో వేసుకోవాలి. వెండి మీద చచ్చిపోయినామె బొమ్మ దించి, కొంకి పెట్టి, పసుపుతాడుకి గుచ్చుతారు. కొత్త చీర కడితే ముందు దానికి తాకించాలి. పండక్కి తొలి ముద్ద దాని ముందు పెట్టాలి. అలా చూసుకుంటే ఆవిడ చల్లగా ఉంటుంది. చూసుకోకపోతే, తన చోట్లో కూచున్నదాని కడుపు మీదికి వస్తుంది.

వీరవేణి ఆరేళ్ళుగా చూసుకుంటూనే ఉంది. బిళ్ళ రూపాయి కంటే పెద్దది, బరువైనది. దాని మీద ఆడమనిషి మొహం పక్కకి తిరిగి ఉంటుంది. అందుకని కనిపించేది ఒక్క కన్నే. పొడుగాటి ముక్కు, ఎత్తి కట్టిన జుట్టు, నుదుట బొట్టు లేదు. చుట్టూ గీతలూ సున్నాలూ ఏవో ఉన్నాయి. వెనక వైపు నీళ్ళూ, నీళ్ళలో సగం ములిగిన సూర్యుడూ. పొద్దున్నే లేచి ఆ నుదుట కుంకం పెట్టి, "అక్కా, నేను నీ చెల్లెల్ని. నీ మొగుణ్ణి లాక్కున్నదాన్ని కాదు. నా మీద దయుంచు" అనేది. రెండు కడుపులు పోయాక, ఆ ఒంటి కన్ను తననే చూస్తోందని ఆమెకి గట్టిగా నమ్మకం కుదిరింది. తప్పెక్కడ జరిగిందా అని ఎంత వెతుక్కున్నా దొరకలేదు. ఈసారి మాత్రం చుక్క తప్పు జరగనివ్వకూడదనుకుంది.

సంత అయిన రెండో రోజున వీరవేణి మెడకి పమిట చుట్టుకునే బంగళాకి వెళ్ళింది. భయమని ఇంట్లో కూచుంటే చేపలు కుళ్ళకుండా ఉంటాయా? పెరట్లో గంప దింపి, వంగి బట్లరుకి వాలుగలు తీసి చూపిస్తుంటే పమిట జారింది. బిళ్ళ బయటికొచ్చి గంప మీద ఊగింది. అదే సమయానికి వెనక వరండాలోకి దొర వచ్చాడు. ఎర్రటి మొహం, తెల్ల గడ్డం, నోట్లో పైపు. పైపు చేతిలోకి తీసుకుని, రెండంగల్లో మెట్లు దిగి, ఆమె మెడకేసి వేలు పెట్టి చూపిస్తూ అరిచాడు.

"మెడల్! ఓ, నీ మెడల్! చాలా పాత మెడల్! నాకు కావాలి!"

వీరవేణికి పై ప్రాణాలు పైనే పోయాయి. గంప ఉందో, చేపలు ఉన్నాయో చూడలేదు. కడుపు రెండు చేతులతో పట్టుకుని పరుగు. వెనక దొర ఏదో అంటూనే ఉన్నాడు. బంగళా గేటు దాటి, గట్టు దిగి, ఇసకలో పడి లేచి, గుడిసెలో దూరి తడిక వేసుకుని, నిట్రాట గుంజకి చేరగిలబడి కూచుంది. పొట్టలో బిడ్డ ఒక్క తన్ను తన్నింది. అది తన్నేదాకా ఆమె ఊపిరి పీల్చుకోలేదు.

అమ్మిరాజు వచ్చి విని మొదట నవ్వాడు. "నీకు ఇరవై రెండేళ్ళే. పాత మెడంటాడేంటే?" అన్నాడు. తరవాత లేచి తడికకి అడ్డకర్ర పెట్టాడు.

మూడు రోజులు ఆమె గడప దాటలేదు. నీళ్ళు మొగుడే తెచ్చాడు. కునుకు పడితే చాలు, గోదావరి అడుగున స్తంభం కింద తన తల కనిపించేది, తల పక్కన చిన్న తల.

నాలుగో రోజు పొద్దున కామేశం వచ్చాడు. వెంట బిళ్ళ బంట్రోతు ఒకడు, అడ్డపట్టీ వేసుకుని, దాని మీద ఇత్తడి బిళ్ళ తళతళ మెరిపించుకుంటూ. బంట్రోతు చేతిలో గోనెసంచి ఉంది. ఆ సంచి చూసేసరికి పల్లె పల్లెంతా లేచిపోయింది. పిల్లల్ని చంకనేసుకుని నావలెక్కిన వాళ్ళు కొందరు, మొలలోతు నీళ్ళలోకి దిగిపోయిన వాళ్ళు కొందరు. బుల్లియ్య అందరికంటే ముందున్నాడు. వీరవేణి మాత్రం పరిగెత్తలేకపోయింది. ఆరేసిన వలల వెనక్కి వెళ్ళి ముడుచుకుని కూచుంది. వల అన్నాక కన్నాలుంటాయి కదా, కామేశానికి ఆమె ఇట్టే కనిపించింది.

"ఏవమ్మాయ్, నువ్వేనా చేపల గంప వదిలేసి పారిపోయింది?" అన్నాడు దగ్గరికి వస్తూ.

వీరవేణి అలాగే ముందుకి పాకి ఆయన కాళ్ళ దగ్గర ఇసకలో తల ఆనించింది. "బాబుగారూ, కడుపులో బిడ్డుందండి. నీళ్ళాడేదాకా ఆగండి బాబూ. దాన్ని ఒకరి చేతిలో పెట్టేసి నేనే వత్తాను. అప్పుడు నా మెడ పట్టుకెళ్దురు గాని."

కామేశం కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు. "మెడేవిటే? నీ మెడ ఎవడిక్కావాలి?"

"దొరగారికే కదండీ. మెడలు కావాలని మీరే అన్నారు."

ఆయనకి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక ఇసకలో చతికిలబడి, కండువా నోట్లో కుక్కుకుని నవ్వాడు. "ఓసి నీ అమాయకత్వం మండా! మెడ కాదే, మెడలు! ఇంగ్లీషు మాట! రాజులకి పట్టాభిషేకాలైనా, యుద్ధాలు గెలిచినా వాళ్ళ దేశాల్లో గుర్తుగా పోయిస్తారే, ఆ బిళ్ళలు!" అని, బంట్రోతు పట్టీ లాగి ఇత్తడి బిళ్ళ చూపించాడు. "ఇదిగో, ఇలాంటివి. దొరగారికి పాతవి పోగుచేసే పిచ్చి. ఆ సంచిలో ఉన్నది నీ గంపే. ఆయనే పంపించారు, చేపల డబ్బులతో సహా."

మరి మొదటే బిళ్ళలని ఏడవచ్చు కదా అని ఎవరూ ఆయన్ని అడగలేదు. గుమాస్తాని అలా అడిగే అలవాటు మనకి ఎప్పుడుంది గనక? నావల్లోంచి ఒక్కొక్కళ్ళే దిగివచ్చారు. విషయం తెలిసి పకపకా నవ్వారు. ఒకళ్ళ మెడలు ఒకళ్ళు తడుముకుని మరీ నవ్వారు.

వీరవేణి నవ్వలేదు. మెడ తప్పిపోయిందన్న సంతోషం ఆమెకి ఒక్క క్షణం కూడా నిలవలేదు. దొరకి కావలసింది బిళ్ళ. అంటే అక్కని మెళ్ళోంచి తియ్యమంటున్నాడు. ఎనిమిదో నెలలో.

"ఒకసారి చూపించి వచ్చెయ్యవే," అన్నాడు అమ్మిరాజు, కామేశం వినకుండా. "దొర పిలిత్తే ఎల్లకపోతే రేపు నన్ను నావ ఎక్కనిత్తారా?"

"తాడు తియ్యను మావా. తీస్తే నా బిడ్డ దక్కదు."

"తియ్యమాకు. మెళ్ళో ఉండగానే చూత్తాడు."

దొర గదిలో బల్ల మీద చెక్క పళ్ళేలు పరిచి ఉన్నాయి. నల్ల మఖమలు గుడ్డ మీద వరసలు వరసలుగా వెండివీ, ఇత్తడివీ, రాగివీ బిళ్ళలు. ప్రతి దాని మీదా ఒక తల. గడ్డాల తలలు, కిరీటాల తలలు, ఆడ తలలు, అన్నీ పక్కకి తిరిగి, అన్నీ మెడ దగ్గర తెగి. వీరవేణి గుమ్మంలోనే ఆగిపోయింది. ఊళ్ళో అనుకున్నదాంట్లో అబద్ధమేముందనిపించింది ఆమెకి.

దొర చెడ్డవాడు కాదు. ఆమె కడుపు చూసి ముక్కాలి పీట తెప్పించాడు. తాడు తియ్యనంటే సరేనన్నాడు. కంటికి భూతద్దం బిగించుకుని, చేతులు వెనక్కి కట్టుకుని, నేల మీద మోకాళ్ళూని ఆమె మెళ్ళో బిళ్ళని చూశాడు. కొంకి దగ్గర బొక్క చూసి అయ్యో అయ్యో అనుకున్నాడు. చుట్టూ ఉన్న గీతలూ సున్నాలూ ఒక్కొక్కటే పెదాలతో పలికాడు. అవి అక్షరాలని వీరవేణికి అప్పుడు తెలిసింది. తరవాత ఆయన లేచి, చాలాసేపు మెల్లగా మాట్లాడాడు. కామేశం తెలుగులో చెప్పుకొచ్చాడు.

"ఇది ఒలందా వాళ్ళ, అదే డచ్చి దొరల, బిళ్ళట. ఒకప్పుడు పాలకొల్లులో, నరసాపురంలో వాళ్ళ వర్తకపు కోఠీలు ఉండేవిలే, అలా వచ్చి ఉంటుంది. ఈవిడ వాళ్ళ రాణి. పోయి ఎంత లేదన్నా రెండొందల ఏళ్ళు. అమ్మవారు పోసి పోయింది. పోతే రాజుగారు తట్టుకోలేక, ఆ మొహం మరిచిపోకూడదని వెండిలో పోయించి పంచిపెట్టాడట. వెనక సూర్యుడు ములిగిపోతున్నాడు చూశావూ, అదీ ఆవిడే."

"ఇది మా అక్కండి," అంది వీరవేణి.

"మీ అక్కేవిటే! దొరసాని అంటుంటే!"

"పేరు అచ్చాయమ్మండి. కంసాలి చిట్టియ్య చేత మా ఆయనే చేయించాడండి."

కామేశం ఆ మాట దొరతో చెప్పాడు. దొర ఆమెకేసి అదో రకంగా చూసి, ఏదో అడిగాడు. ఎంతిమ్మంటావని. వీరవేణికి వినబడలేదు. ఆమె ఇంకోటి అడిగింది.

"ఈవిడకి పిల్లలండీ?"

"లేరు పాపం. కడుపులు నిలిచేవి కావట," అన్నాడు కామేశం. ఆయనకి అడిగినదానికల్లా బదులు చెప్పెయ్యడమే గాని, ఎవరికి చెబుతున్నాడో చూసే అలవాటు లేదు.

వీరవేణి లేచి, బిళ్ళ పమిట లోపలికి తోసుకుని, దణ్ణం పెట్టి బయటికి వచ్చేసింది.

గుమ్మం బయట నిలబడి అంతా విన్న అమ్మిరాజు గట్టు మీద వెనకాలే నడుస్తున్నాడు. ఆమె ఆగింది. ఆరేళ్ళు. ఆరేళ్ళుగా తొలి ముద్దలు తిన్నది ఎవరో, చీరలు తాకించింది ఎవరికో. మరి అచ్చాయమ్మ? ఆరేళ్ళుగా పిలుపు లేక, ముద్ద లేక, కుంకం లేక ఎక్కడుంది? తన గుమ్మంలోనే నిలబడి చూస్తూ ఉందా? రెండు కడుపులు తీసుకుని, మూడోదాని కోసం చూస్తోందా?

"నిజం చెప్పు. నా కడుపు మీద చెయ్యేసి చెప్పు," అంది.

అమ్మిరాజు చెయ్యి వెయ్యలేదు. కాలి బొటనవేలుతో ఇసక గీస్తూ చెప్పాడు. "చిట్టియ్య మూస తయారుచేసుకుని, ఆవిడ మొహం ఎలా ఉంటాదో చెప్పరా అన్నాడు. నేను చెప్పలేకపోయానే. కళ్ళు మూసుకున్నా, తెరుచుకున్నా, మొహం రాలేదు. చీర వచ్చింది, గొంతు వచ్చింది. మొహం రాలేదు. ఏడాది కాపరం, తెల్లారకుండా నేను గోదాట్లోకి ఎల్లిపోయేవాణ్ణి. చిట్టియ్య తిట్టి, కరిగించడానికి తెచ్చుకున్న పాత వెండిలోంచి ఈ బిళ్ళ తీసి నా మొహాన కొట్టాడు. ఆడదే కదా, ఎవరు చూడొచ్చారు, పట్టుకెల్లు అన్నాడు."

"బొట్టు లేదేంటని నేనడిగితే, అచ్చులో బొట్టు పడదన్నావు."

"అన్నాను."



మర్నాడు పొద్దున్న వీరవేణి ఆరేళ్ళుగా తొక్కని గుమ్మం తొక్కింది. పల్లె చివర గుడిసె పెద్దింట్లమ్మది. అచ్చాయమ్మ తల్లి. ఒకప్పుడు ఈ గట్టు మీద పుట్టిన ప్రతి బిడ్డా ఆవిడ చేతుల్లోకే పుట్టేది. కూతురు తన చేతుల్లో పోయాక మళ్ళీ ఎవరి పురుటికీ వెళ్ళలేదు. ఇప్పుడు కళ్ళు కూడా పోయాయి. ఆ గుమ్మం కేసి చూడాలన్నా వీరవేణికి ఒళ్ళు జలదరించేది. ఈరోజు వచ్చిందంటే అంతకంటే పెద్ద భయం వెనక తరిమింది కాబట్టి వచ్చింది.

"పెద్దమ్మా, నేను వీరవేణిని. అక్క మొహం ఎలా ఉండేదో చెప్పు. ఇవాళే కొత్త బిళ్ళ చేయించుకుంటాను. ఇది అక్కది కాదంట."

ముసలావిడ చెయ్యి చాపింది. బిళ్ళ మీద వేలు పెట్టి ముక్కు తడిమింది. "నా కూతురిది చట్టి ముక్కు. ఇది కాదని నీ పెళ్ళినాడే చూశాను. అప్పటికి నాకు చూపుంది."

"మరి చెప్పలేదేం?"

"ఏమని చెప్పను? దానికి కుంకం పెట్టి అక్కా అని పిలిచావు. ఊళ్ళో ఇంకెవరూ దాని పేరే ఎత్తడం లేదు. నువ్వైనా పిలుత్తున్నావు గదా అని ఊరుకున్నాను."

"అయితే అక్కకి కోపం లేదా? మరి నా రెండు కడుపులూ..."

పెద్దింట్లమ్మ బిళ్ళ వదిలేసింది. గుడ్డి కళ్ళు ఎర్రబడ్డాయి. "ఓహో. అందుకా పిలిచేదానివి? ఇన్నాళ్ళూ నా కూతుర్ని దెయ్యాన్ని చేసి కొలిచావా? ఒసేయ్, దానికి చీకటంటే భయం. గోదాట్లో ఉరిమితే వచ్చి నా కొంగులో దూరేది. పురుట్లో పేనం పోయేదాకా నా చెయ్యి ఒదల్లేదు, అమ్మా భయమేత్తంది, భయమేత్తంది అని. అదెవర్ని భయపెడుద్దే? పిల్లల్ని తినే రకమా అది?"

తరవాత ఆవిడ అడక్కుండానే చెప్పుకుపోయింది. నుదురు ఎంత, కనుబొమ్మలు ఎక్కడ కలిసేవి, నవ్వితే ఏ బుగ్గ లోపలికి పోయేది, కింది పెదవి మీద పుట్టుమచ్చ ఎంతది. కళ్ళు లేని మనిషి, కూతురు పోయిన ఎనిమిదేళ్ళకి, ఎదురుగా కూచోబెట్టుకుని చూస్తున్నట్టు చెప్పింది. వీరవేణి వింటూ ఏడ్చింది. ఇన్నాళ్ళూ తను వణికిపోయింది తనకంటే ఎక్కువ వణికిన పిల్లని చూసి.

లేచి ఇంటికి వస్తుంటే భయం తగ్గాలి కదా. తగ్గలేదు సరికదా, అడుగడుక్కీ పెరిగింది. అక్క పగబట్టిందంటే బతిమాలుకోవచ్చు, ముద్ద పెట్టొచ్చు, చీర తాకించొచ్చు. ఎవరూ పగబట్టలేదంటే ఇంక ఎవర్ని బతిమాలాలి? రేపు పురుట్లో తనకీ ఏదైనా అయితే? అంత భయపడి, అంత ఏడ్చి పోయిన మనిషి మొహం రెండేళ్ళకి మొగుడికి గుర్తులేదు. తన తరవాత వచ్చేదాని మెళ్ళో ఏం కడతాడు? ఏ దొరసాని తల కడతాడు?

అమ్మిరాజు గుమ్మం ముందు వల బాగుచేసుకుంటున్నాడు. ఆమె ఎదురుగా కూలబడింది.

"కళ్ళు మూసుకో. నా మొహం ఎలా ఉంటాదో చెప్పు."

"ఇదేం పిచ్చే?"

"మూసుకో."

మూసుకున్నాడు. "నల్లగా ఉంటావు. గుండ్రంగా... ముక్కుపుడక ఉంటాది." ఆగాడు. "గడ్డం కింద జెల్లచేప ముల్లు గీరిన గాటుంది."

"ఏ పక్క?"

"కుడి పక్క," అన్నాడు చివరికి.

వీరవేణి ఎడమ పక్క గాటు మీద చెయ్యి వేసుకుంది. తిడదామని నోరు తెరిచింది. నడుం లోంచి నొప్పి ఒకటి పొడుచుకొచ్చి మాట మింగేసింది. ఇంకా నెల రోజులుంది. అయినా అది మామూలు నొప్పి కాదని ఆమెకి తెలిసిపోయింది.

మర్నాడు మధ్యాహ్నానికి కూడా బిడ్డ రాలేదు. గుడిసెలో ఆడవాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకోవడం మానేశారు. పెద్దింట్లమ్మ కర్ర పట్టుకుని, ఎవరూ పిలవకుండానే వచ్చింది. చేతులు కడుక్కుని, వీరవేణి మోకాళ్ళ దగ్గర కూచుని, ఆ చేతుల్ని ఎనిమిదేళ్ళ తరవాత మళ్ళీ పనిలో పెట్టింది. వీరవేణికి కళ్ళ ముందు చీకట్లు కమ్ముతున్నాయి. "పెద్దమ్మా, భయమేత్తంది," అంది. ఆ మాట విని ముసలావిడ ఒక్కసారి తల తిప్పుకుంది. కానీ చెయ్యి తియ్యలేదు.

అప్పుడు గోడ అవతల నుంచి అమ్మిరాజు గొంతు వినిపించింది. మగాడు లోపలికి రాకూడదు. మట్టిగోడకి నుదురు ఆనించి, చంటిపిల్లాడు పాఠం అప్పజెప్పినట్టు చెబుతున్నాడు.

"ఈరేణి నుదురు బెత్తెడే. ఎడం చెవి తమ్మె చీలింది, తీర్థంలో ఎవడో దిద్దు లాగేశాడు. కింది పళ్ళలో ఒకటి వంకర. కోపం వత్తే ముక్కు ముందు ఎర్రబడతాది. కుడికన్ను కొంచెం చిన్నది..."

ఎవరో ఊరుకోమన్నారు. ఊరుకోలేదు. గొంతు పెంచాడు. ఏడుస్తున్నాడని ఆ గొంతులోనే తెలుస్తోంది.

"మెడ మీద, బిళ్ళ ఆనే చోట నల్లగా మచ్చ పడింది. రూపాయంత. దానికి తెలీదు, నాకే తెలుసు."

వీరవేణికి నిజంగానే తెలీదు. తన మెడ తనెప్పుడు చూసుకుంది గనక? చెయ్యి దానంతటదే అక్కడికి పోయింది.

"గడ్డం కింద గాటుంది," అన్నాడు అమ్మిరాజు. "కుడి పక్క."

వీరవేణికి ఒళ్ళు మండిపోయింది. ఎక్కడుందో అంత బలం, పిడికిళ్ళు బిగించి, పళ్ళు కొరికి, ఉన్న ఊపిరంతా కూడదీసి గోడ అదిరేలా అరిచింది.

"ఎడం పక్కయ్యా! ఎడం!"

ఆ అరుపుతోనే బిడ్డ పెద్దింట్లమ్మ చేతుల్లోకి జారింది. ఆడపిల్ల. నెల తక్కువది, పిడికెడంత ఉంది. ముసలావిడ వీపు మీద రెండు దెబ్బలు వేస్తే గాని ఏడవలేదు, ఏడ్చాక మాత్రం ఆపలేదు. ఆవిడ తడి వేళ్ళతో పిల్ల మొహమంతా తడిమింది. నుదురు, కళ్ళు, ముక్కు. ముక్కు దగ్గర వేలు కొంచెంసేపు ఆగింది.

అంతా తుడిచి, చాప పరిచాక అమ్మిరాజుని గుమ్మందాకా రానిచ్చారు. అక్కడే గొంతుక్కూచున్నాడు. పిల్లని చూడరా అన్నారు ఆడవాళ్ళు. అతను ముందు వీరవేణి మొహం కేసి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఎడమే," అన్నాడు.